ముప్పై ఏడో నంబరు అతుకు

పోయిన వారం అన్వర్ బాషాను పనిపెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చోబెట్టి వదిలిపెట్టాం. పెట్టెలో ఇనుము మీద అంకెలు కొట్టే పంచ్‌లు తొమ్మిది ఉండాలి. సున్నా నుంచి ఎనిమిది దాకా. ఆరును తిరగేస్తే అదే తొమ్మిది. గురువారం సాయంత్రం చూస్తే ఏడే ఉన్నాయి. మూడు లేదు. ఏడు లేదు. ఆ రెండూ పక్కపక్కన కొడితే ముప్పై ఏడు. అది అతని నంబరు.

కొత్తగా చదివేవాళ్లకు నాలుగు మాటలు. రాయచోటి అన్వర్ బాషా వెల్డరు. కువైట్ వచ్చిన కొత్తలో షుఐబాలో చమురు పైపుల పని చేశాడు. తర్వాత పదేళ్లుగా అమ్ఘరాలో, తుక్కు ఇనుము యార్డుల మధ్య ఒక షెడ్డులో, ఊర్స్ జుంబ్రున్ అనే స్విట్జర్లాండు శిల్పి దగ్గర ఉన్నాడు. ముసలాయన సుద్దముక్కతో గీత గీస్తాడు. అన్వర్ ఆ గీత మీద ఇనుమును ఇనుముకు అతుకుతాడు. మూడేళ్ల కిందట రాజోలు నుంచి సంజీవరావు వచ్చి అన్వర్‌కు శిష్యుడయ్యాడు. ఈ రెండువేల ఐదు జనవరి ఆఖరున శిల్పి ఆరు నెలలకు తన దేశం పోతున్నాడు. ఇద్దరిలో ఒకణ్ణి వెంట తీసుకుపోతానన్నాడు. ఎవరినో చెప్పలేదు. గురువారం అన్వర్ ఇఖామా కోసం, అంటే ఆ దేశంలో ఉండే అనుమతి కోసం, మెడికల్‌కు పోయి వచ్చేసరికి పంచ్‌లు మాయం. ఆ రోజు షెడ్డులో పని చేసింది సంజీవరావు ఒక్కడే.

*

శుక్రవారం మధ్యాహ్నం సంజీవరావు భోజనానికి పిలిచాడు. పంచ్‌ల సంగతి మొహం మీదే అడగొచ్చని అన్వర్ వెళ్లాడు.

రిగ్గై పేటలో మూడో అంతస్తు. ఒక గది, ఒక వంటిల్లు. సంజీవరావు భార్య మెర్సీ ఆసుపత్రిలో నర్సు. అక్కడ సెలవు శుక్రవారమే గనక చర్చి కూడా ఆ రోజే; చర్చి నుంచి వస్తూనే చీర కొంగు దోపుకుని చేపల పులుసు పెట్టింది. పులుసు బాగుంది. ఇంకొకడి ఇంట్లో ఇంత రుచి ఉండటం అన్వర్‌కు నచ్చలేదు. అతని భార్య ఆసియా బీ రాయచోటిలో పోయి నాలుగేళ్లు.

తలుపు వెనక మేకుకు కొత్త స్వెట్టర్ వేలాడుతోంది. ఎర్రది. మందపాటిది. కువైట్ చలికి అంత మందం అక్కర్లేదు. అన్వర్ ముద్ద చేతిలో పట్టుకుని దానివంక చూశాడు.

“అదాండీ?” అంది మెర్సీ. “ఈయనకేనండీ. అక్కడ మంచు మోకాళ్లదాకా ఉంటదంట కదా. ఈయనేమో మా రాజోలు చలికే చెవులకి మఫ్లరు చుట్టేసుకునే మనిషి. ఇంకోటి కూడా కొనాలండి.”

“మెర్సీ,” అన్నాడు సంజీవరావు.

అప్పటికే ఆలస్యమైపోయింది. అన్వర్‌కు విషయం అలా తెలిసింది. పదేళ్లు సేవ చేయించుకున్న శిల్పి చెప్పలేదు. చెయ్యి పట్టుకుని పని నేర్పించుకున్న శిష్యుడు చెప్పలేదు. మేకుకు వేలాడే ఉన్ని బట్ట చెప్పింది.

“ఎప్పుడు చెప్పినాడు నీకు?”

“గురువారం అండీ ఉస్తాద్ గారూ. నా నోటితో నేనే చెబుదామనే పిలిచానండీ. భోజనం అయ్యాక చెబుదామని...”

“తిన్నాక చెప్తే అరుగుతాదని అనుకుంటివా?”

సంజీవరావు తల దించుకున్నాడు. దించుకునే ఇంకో మాట అన్నాడు. “ఇంకోటండీ. గంట చెవులు కూడా గురువారం నేనే అతికేశానండీ. మీరొచ్చాక చేద్దామన్నాను. దొరగారు ఆగనన్నారు.”

గంట అంటే శిల్పి కొత్తగా చేసినది. రెండు నిలువుల ఎత్తున్న ఇనుప గంట. ఆ బరువంతా మోసేవి దాని తలమీది రెండు చెవులు. వాటి అతుకు ఎవడు పడితే వాడు వేసేది కాదు. తనకోసమే ఆపి పెట్టాడనుకుని అన్వర్ నెల రోజులుగా ఎదురు చూశాడు.

“నేను యాడికి పోయినాను? ఊరికా? ఒగ పూట మెడికల్‌కు పోతే నా పని నువ్వు చేసేస్తివి. రేపు నేను చస్తే నా మసీదుకు కూడా నువ్వే పోతావేమో.”

మాట మళ్లించాలని మెర్సీ లేచి పుస్తకం తెచ్చింది. ఆమె మనసు మంచిది. మంచి మనసు చేసే చెడుపు చెడ్డవాళ్లు కూడా చేయలేరు.

పుస్తకం పెద్దది. నున్నటి అట్ట. శిల్పి బతుకంతా అందులో ఉంది. స్విట్జర్లాండులో అచ్చువేశారు. శిల్పి ఒక కాపీ సంజీవరావుకు ఇచ్చాడు. అన్వర్‌కు ఇవ్వలేదు. ఇద్దరికీ ఇంగ్లీషు రాదు. కానీ సంజీవరావుకు చదివిపెట్టే భార్య ఉంది.

“వినండి అన్నయ్యగారూ, సినిమా కథలా ఉంటది,” అని మెర్సీ చదువుతూ తెలుగు చేసి చెప్పింది. “ముప్పై ఎనిమిదిలో పుట్టారంట. కొండల మధ్యన చిన్న ఊరు. నాన్నగారు ఆవుల మెడలో కట్టే గంటలు చేసేవారంట. చూశారా, కమ్మరోళ్లేనండీ పాపం! నాన్న సుత్తి పక్కనే కూర్చుని కూర్చుని పదేళ్లకే ఎడం చెవి పోయిందంట.”

“అది నాకు తెల్సు.”

తెలియకేం. పదేళ్లుగా ఆయన కుడి పక్కనే నిలబడి మాట్లాడాడు.

పద్నాలుగో ఏట జుంబ్రున్ రైలింజన్ల కర్మాగారంలో చేరాడు. ఇరవై ఆరో ఏట మొదటి ప్రదర్శన పెడితే తొమ్మిదిమంది వచ్చారు. అందులో అయిదుగురు చుట్టాలు. మొదటి శిల్పాన్ని ఒక హోటలాయన కొన్నాడు. సైకిళ్లు ఆనించుకోవడానికి పనికొస్తుందని కొన్నాడు. మెర్సీ నవ్వింది. సంజీవరావు నవ్వాడు. అన్వర్ నవ్వలేదు. తర్వాత పారిస్‌లో పన్నెండేళ్ల ఆకలి. నలభై దాటాక పేరు, బహుమతులు, బ్యాంకుల ముందు శిల్పాలు. భార్య టీచరు. కొండదారిలో కారు బోల్తాపడి పోయింది. ఆ తర్వాత అయిదేళ్లు ఆయన ఇనుము ముట్టలేదు. తొంభై నాలుగులో ఎవరో పిలిస్తే కువైట్ వచ్చాడు. యుద్ధం ఎడారిలో వదిలిపోయిన కాలిన ఇనుము చూశాడు.

“‘ఆ ఎడారిలో ఆయన చేతులకు మళ్లీ ప్రాణం వచ్చింది’ అని రాశారండీ,” అంది మెర్సీ.

ఎవరి చేతులకు? అనుకున్నాడు అన్వర్. తన చేతులు చూసుకున్నాడు. వేళ్లకు పులుసు. ముంజేతుల నిండా నిప్పురవ్వల మచ్చలు. ముసలాయన చేతులకు ఈ పదేళ్లలో సుద్ద తప్ప ఇంకేమీ అంటగా అతను చూడలేదు.

మెర్సీ పేజీలు తిప్పింది. ఒక ఫొటోలో శిల్పి పక్కన సంజీవరావు పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. కింద పేరు అచ్చులో ఉంది. ఇంకో పేజీలో ముసుగు వేసుకుని వంగి నిప్పులు చిమ్మిస్తున్న మనిషి. కింద ‘ఒక వెల్డరు’ అని ఉంది.

“ఇది మీరే కదండీ అన్నయ్యగారూ? మొహం కనపడట్లేదు.”

“ముఖం కనపడితే కండ్లు పోతాయమ్మా. అందుకే ముసుగు.”

తర్వాతి పేజీ నిండా ఒకటే ఫొటో. ఇనుము మీద రెండు అంకెలు. ముప్పై ఏడు.

అన్వర్ ముద్ద పళ్లెంలో పెట్టేశాడు.

షుఐబాలో ఒక పద్ధతి ఉంది. పరీక్ష పెట్టి, అతుకుకు ఎక్స్‌రే తీసి, పాసైన వెల్డరుకు ఒక నంబరు ఇస్తారు. అతను వేసిన ప్రతి అతుకు పక్కనా ఆ నంబరు పంచ్‌తో కొట్టాలి. ఎందుకంటే అతుకు పగిలితే మనిషిని పిలవరు, నంబరును పిలుస్తారు. పన్నెండో నంబరు మలయాళీని అలా ఒకసారి పిలిచారు. సాయంత్రానికి అతను విమానంలో ఉన్నాడు. అన్వర్‌ది ముప్పై ఏడు. శిల్పి దగ్గరికి వచ్చాక కొట్టమని ఎవరూ అనలేదు. అయినా కొట్టాడు. అడుగు వైపు, ఎవరికీ కనబడని చోట కొట్టాడు. చెయ్యి అలవాటు. ఆసియా బీ పోయిందని ఫోను వచ్చిన రోజున కూడా అతుకు ముగించి, నంబరు కొట్టి, అప్పుడు కూలబడ్డాడు.

మెర్సీ గొంతు తగ్గించి చదివింది. “‘జుంబ్రున్ ప్రతి శిల్పంలోనూ ఈ అంకెను రహస్యంగా దాచిపెడతాడు. ఆయన తండ్రి తన ఆఖరి చలికాలంలో ముప్పై ఏడు గంటలు చేశాడు. ఒక్కటి కూడా అమ్ముడుపోలేదు. ఆ ముప్పై ఏడూ కొడుకు ఈనాటికీ మోస్తున్నాడు.’ అయ్యో పాపం, ఎంత ప్రేమండీ నాన్నంటే!” కొంగుతో కళ్లు తుడుచుకుంది.

“సంజీవా,” అన్నాడు అన్వర్. “నీ పెండ్లానికి చెప్పు. ఆ నంబరు ఎవురిది?”

సంజీవరావు పళ్లెంలో చేపముల్లును పక్కకు జరిపాడు.

“నోట్లో ముల్లు ఇరుక్కునిందా?”

“మీదేనండీ. అందరికీ తెలిసిందే కదండీ. తెల్లోళ్ల రాతలు, వదిలేద్దురూ.”

“నా పంచ్‌లు యాడుండాయి?”

“ఏ పంచ్‌లండీ?”

“మూడూ, ఏడూ. గురువారం నా పెట్టె తెరిచింది నువ్వే.”

“దేవుని సాక్షిగా నాకు తెలీదండీ! మీ పెట్టె నేనెందుకు ముట్టుకుంటాను?”

“నా పని ముట్టుకుంటివి. నా ప్రయాణం ముట్టుకుంటివి. పెట్టె ముట్టుకోవా?”

అన్వర్ లేచాడు. అన్నం సగం అలాగే ఉంది. మెర్సీ చెంబుతో నీళ్లు పట్టుకుని వెనకే వచ్చింది. అతను ఎంగిలి చేత్తోనే మూడంతస్తులు దిగాడు.

*

శనివారం ఏడింటికి అన్వర్ షెడ్డుకు చేరాడు. పది గంటలకు క్రేను వస్తుంది. గంటను ట్రైలరు మీదికి ఎక్కించి, సముద్రపు ఒడ్డున ఒక పెద్ద భవనం ముందు వేలాడదీయాలి.

గంట యార్డులో చెక్క దిమ్మెల మీద పక్కకు పడుకుని ఉంది. యుద్ధంలో కాలిన ట్యాంకుల ప్లేట్లు, పాత వాల్వులు, పైపు ముక్కలు. మూడు టన్నులు. లోపల నాలుక లేదు. వద్దన్నాడు శిల్పి. మోగని గంటను ఎందుకు చేశాడో అన్వర్ అడగలేదు. ఆ గంటకు ప్రతి అతుకూ వేసింది తనే. చెవులు తప్ప.

జుంబ్రున్ పోర్టాకాబిన్‌లో కాఫీ తాగుతున్నాడు. ఎప్పుడూ కుడి పక్కకు పోయే అన్వర్ ఇవాళ ఎడమ పక్కన నిలబడ్డాడు. ముసలాయన కుర్చీతో సహా తిరగాల్సి వచ్చింది. వాళ్లిద్దరికీ ఒక భాష ఉంది. సగం అరబీ, పావు హిందీ, మిగతాది చేతులు. ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాం, పని చేయించే పెద్దను పిలిచే ముదీర్ అన్న అరబీ మాట తప్ప.

“ముదీర్, ముప్పై ఏడు నాది.”

“తెలుసు.”

“మరి మీ నాయన గంటలు?”

“గంటలు చేసింది నిజం. అమ్ముడుపోనిది నిజం. ఎన్ని అన్నది ఎవరు లెక్కపెట్టారు?” శిల్పి కప్పు దించాడు. “పుస్తకం రాసే ఆవిడ అడిగింది, ఈ అంకె ఏమిటని. వెల్డరు నంబరని చెబితే పెన్ను మూసేసేది. గంటలన్నాను. పెన్ను సాగింది.”

“అబద్ధం.”

“నా అబద్ధంలో మా నాన్న ఉన్నాడు. నీ నిజంలో ఎవరున్నారు? ఒక పైపుల కంపెనీ.”

ఆసియా బీ ఉంది అని చెప్పాలనుకున్నాడు అన్వర్. చెప్పలేదు. ఆ పేరు ఈ క్యాబిన్‌లో పెట్టడానికి మనసొప్పలేదు.

“సంజీవను తీసుకపోతాండావంట.”

“అవును.”

“వానికి పని నేర్పింది నేను. వాడు మా ఊళ్లో గేట్లకు కూడా పనికిరాడు. ఇండ్లకు కిటికీలు చేసుకుంటా ఉన్నోడు.”

“నాకు తెలుసు. నీ పని వాడి పనికి పదింతలు.”

“మరి?”

శిల్పి కిటికీలోంచి గంట వైపు చూశాడు. “పోయినేడు మా దేశం నుంచి ఒక పెద్దాయన వచ్చాడు గుర్తుందా? నా శిల్పం ముందు అరగంట నిలబడ్డాడు. నేను పక్కనే ఉన్నాను. ఆఖరికి ఏం అడిగాడో తెలుసా? ‘ఈ అతుకులు ఎవరు వేశారు?’ అన్నాడు.”

“ఏం చెప్పినావు?”

“నేనే అన్నాను.”

బయట యార్డులో ఎవరో రేకులు దించుతున్నారు. ముసలాయన లేచి కిటికీ మూశాడు.

“పద్నాలుగో ఏట ఇంజన్ల ఫ్యాక్టరీలో ఒక ముసలి వెల్డరును చూశాను,” అన్నాడు జుంబ్రున్. “అతనిలా అతకాలని పదేళ్లు చేతులు కాల్చుకున్నాను. రాలేదు. అందుకే శిల్పినయ్యాను. ఇక్కడికొస్తే నువ్వు దొరికావు. సంజీవ్ చేతి కింద నా గీత గీతలాగే ఉంటుంది. నీ చేతి కింద పెడితే అది నీదైపోతుంది. నువ్వు నేను చెప్పింది చెయ్యవు. ఇనుము చెప్పింది చేస్తావు. ఇంకో ఏడాది నువ్వు నా పక్కనుంటే నా శిల్పంలో నన్ను వెతుక్కోవాలి.”

అన్వర్‌కు గొంతులో తీపి తగిలింది. పుస్తకాలు అచ్చయ్యే మనిషి, బ్యాంకుల ముందు బొమ్మలు నిలిపిన మనిషి, తనను చూసి పదేళ్లు ఏడ్చాడు. ఆ తీపి ఒక్క గుటకే. తర్వాత చేదు.

“అయితే నన్నే తీసుకపో.”

“అందుకే తీసుకుపోను.”

జుంబ్రున్ సొరుగు లాగాడు. గుడ్డలో చుట్టిన రెండు పంచ్‌లు తీసి బల్ల మీద పెట్టాడు. మూడు, ఏడు. “తీసుకో. వీటితో నాకు పని అయిపోయింది.”

ఏ పని అని అన్వర్ అడగలేదు. అసూయ పట్టినవాడికి తన మంట చప్పుడు తప్ప ఇంకేదీ వినపడదు. జేబులో వేసుకుని బయటికి వచ్చాడు.

దొంగ సంజీవరావు కాదని తేలింది. అయినా అన్వర్ మనసులో వాడికి వేసిన శిక్ష తగ్గలేదు. ఒకసారి వేసిన శిక్ష తగ్గించే అలవాటు అసూయకు లేదు.

*

క్రేను తెచ్చిన అల్లాబకష్ పీలేరు వాడు. తల బయటికి పెట్టి అరిచాడు. “ఏం బాషా భాయ్, గంట గట్టిగుండాదా? ఊడి పడితే నా క్రేను పేరు పోతాది!”

“నన్నడిగితే? వేసినోన్ని అడుగు,” అన్నాడు అన్వర్.

ఎవరూ పని చెప్పనివాడికి పని చుట్టూ తిరగడమే పని. అన్వర్ చిన్న సుత్తి పట్టుకుని గంట తల వైపు పోయాడు. మొదటి చెవి మీద కొట్టాడు. ఖణ్ మని పలికి చాలాసేపు నిలిచింది. రెండో చెవి మీద కొట్టాడు. టప్ మంది. అక్కడే చచ్చింది.

మళ్లీ కొట్టాడు. టప్.

వంగి గోరుతో ఎర్ర రంగు గీకాడు. పైకి అతుకు అందంగానే ఉంది. చేప పొలుసుల్లా వరస తప్పకుండా ఉంది. ఆ అంచు వెంట ఒక గీత. వెంట్రుకంత. సుద్ద గీత కాదు. పగులు.

ఎందుకు పగిలిందో ఈ భూమ్మీద అన్వర్ కంటే బాగా తెలిసినవాడు లేడు. చెవులు చేసిన ట్యాంకు ప్లేటు మామూలు ఇనుము కాదు. మొండిది. చలికాలం దాన్ని అతకాలంటే ముందు గ్యాసు మంటతో చెయ్యి ఆనించలేనంత వేడి చేయాలి. వెల్డింగు రాడ్లు పొయ్యిలో పెట్టి చెమ్మ లేకుండా ఆరబెట్టాలి. చల్లటి ప్లేటు మీద చెమ్మ రాడ్డుతో వేస్తే ఆ పూటకు బాగానే ఉంటుంది. ఒకటి రెండు రోజులకు లోపల్నుంచి చీలుతుంది.

ఇది సంజీవరావుకు తెలియదు. అన్వర్ చెప్పలేదు. ఉస్తాద్ అన్నవాడు శిష్యుడికి అన్నీ చెప్పడు, ఒక పట్టు దాచుకుంటాడు. అన్వర్‌కు నేర్పిన ఉస్తాదూ దాచాడు. మూడేళ్లుగా అన్వర్ రోజూ ఆరింటికే వచ్చి, సంజీవరావు రాకముందే రాడ్లు ఆరబెట్టి, ప్లేట్లు వేడి చేసిపెట్టేవాడు. మంట ఎందుకండీ అని వాడు అడిగితే, ముదీర్ ముసలోడు, షెడ్డు వెచ్చగా ఉండాల అనేవాడు. వాడు నమ్మాడు. గురువారం ముదీర్ చలికోటు వేసుకుని వచ్చి ఉంటాడు, మంట అక్కర్లేదని సంజీవరావు అనుకుని ఉంటాడు.

అన్వర్ నడుము ఎత్తాడు. చుట్టూ చూశాడు. వాళ్ల వీసాలకు పూచీ ఉన్న కువైటీ, కఫీల్, తెల్లటి దిష్‌దాషా అంగీలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. పేపరువాళ్లు ముగ్గురు, కెమెరాలు. జుంబ్రున్ టోపీ సర్దుకుంటున్నాడు. ఇప్పుడు ఒక్క మాట చాలు. చెవి పగిలింది, ఎత్తొద్దు. ఆ మాట అంటే ఏమవుతుంది? రెండు గంటల్లో తనే మళ్లీ అతికి ఇస్తాడు. గంట పోతుంది. పుస్తకంలో ఇంకో బొమ్మ చేరుతుంది. సంజీవరావు ఎర్ర స్వెట్టర్ తొడుక్కుని విమానం ఎక్కుతాడు.

అనకపోతే? జానెడు లేవగానే ఊడుతుంది. దిమ్మెల మీదే పడుతుంది. ఎవరికీ దెబ్బ తగలదు. సంజీవరావు పేరుకు తగులుతుంది. స్విట్జర్లాండు ఖలాస్.

“ఉస్తాద్ గారూ!”

సంజీవరావు పరుగున వచ్చాడు. ఎర్రటి కళ్లు. రాత్రి నిద్రపోయినట్టు లేడు. “నిన్నటిది మనసులో పెట్టుకోకండీ. మెర్సీ ఏడుస్తానే ఉందండీ, అన్నయ్యగారు చెయ్యి కూడా కడుక్కోకుండా పోయారని. దొరగారికి నేను చెబుతానండీ, ఉస్తాద్ గార్ని తీసుకెళ్లండి, నేను తర్వాత వస్తానని. ఒట్టండీ.”

నిజంగానే అనేటట్టున్నాడు. అది అన్వర్‌కు ఇంకా మండింది. తనకు రావాల్సిన దాన్ని వీడు దానం చేయడమా?

“ఆ చెవి అతుకు ఒక్కసారి చూడండీ,” అన్నాడు సంజీవరావు. “మీరు లేకుండా వేసిన మొదటి పెద్ద అతుకండీ. మీరు చూసి బాగుందంటే నాకు ధైర్యం.”

“చూసినాలే.”

“ఎలా ఉందండీ?”

అన్వర్ సుత్తిని నడుముకు దోపుకున్నాడు.

“బాగుండాది.”

సంజీవరావు మొహం విప్పారింది. ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని కళ్లు మూసుకుని పెదాలు కదిపాడు. తర్వాత పోయి గంట ఊగకుండా కట్టిన తాడు అందుకున్నాడు. ఉత్సాహంలో దాన్ని మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకున్నాడు. తాడు ఎప్పుడూ చేతికి చుట్టుకోవద్దని అన్వర్ నేర్పాడు. అది మాత్రం దాచుకోలేదు. వాడే మరిచాడు.

“యల్లా!” అంటూ ఎత్తమని చెయ్యి ఊపాడు కఫీల్.

చెవులకు తగిలించిన క్రేను గొలుసులు బిగిశాయి. దిమ్మెలు కిర్రుమన్నాయి. గంట తల లేచింది. జానెడు. ఊడలేదు. మూరెడు. ఊడలేదు. అల్లాబకష్ చెయ్యి మెత్తనిది. కుదుపు లేకుండా ఎత్తుతున్నాడు. నడుమెత్తు. నిలువెత్తు. అన్వర్ లెక్క తప్పింది. గంట ఇప్పుడు దిమ్మెల మీద లేదు, గాలిలో ఉంది. దాని కింద తాడు పట్టుకుని సంజీవరావు ఒక్కో అడుగూ ట్రైలరు వైపు వేస్తున్నాడు. ఉస్తాద్ బాగుందన్న అతుకు కింద మనిషి భయపడడు.

గంట నెమ్మదిగా నిటారుగా తిరిగింది. ఇంతసేపూ దిమ్మెల వైపు దాగి ఉన్న రెండో చెవి అడుగు భాగం ఎండలోకి వచ్చింది. అక్కడ రంగు పూయలేదు. పచ్చి ఇనుము మెరిసింది. పగులు దాని మీదుగా కిందికి దిగింది. పగులు పక్కన రెండు అంకెలు.

ముప్పై ఏడు.

మూడు కొంచెం ఎడమకు వాలి ఉంది. అన్వర్ కొట్టే తీరే అది. మొదటిరోజు నుంచి అలా వాల్చే కొడతాడు. పదేళ్లు పక్కన కూర్చుని సుద్దముక్క పట్టుకున్న మనిషి అన్నీ చూశాడు. వాలును కూడా గీతలాగే దించాడు. పంచ్‌లతో పని అయిపోయిందని ముసలాయన అన్నది ఇదన్నమాట. ఇక అది అన్వర్ కొట్టింది కాదని అన్వర్ చెప్పినా అల్లా తప్ప ఎవరూ నమ్మరు.

అతుకు పగిలితే మనిషిని పిలవరు. నంబరును పిలుస్తారు.

అప్పుడు చప్పుడయింది. చిన్నది. గోరు విరిగినంత. క్రేను మోతలో, జనం చప్పట్లలో అది ఎవరికీ వినపడేది కాదు. ఆ చప్పుడు పోల్చగల చెవులు ఆ యార్డులో ఇద్దరివే. ఒకాయన చెవుడున్న చెవిని గంట వైపు పెట్టి కెమెరాలకు నవ్వుతున్నాడు.

రెండోవాడు, బాగుండాది అని ఇప్పుడే చెప్పి వచ్చినవాడు.